మార్తెన్ గడ్డలు, కోబస్ భయం

ధైర్యం గురించి కోతలు కోసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. భయం గురించి కోతలు కోసే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. మా కోబస్. "నా అంత భయపడ్డవాడు ఈ పక్క హార్లెమ్ నుంచి ఆ పక్క లైడెన్ దాకా లేడు" అని ఛాతీ విరుచుకుని మరీ చెబుతాడు.

ఆవేళ జూలై నెల, ఉక్క. ఇసుక దిబ్బల అవతలి సముద్రం గాలి కూడా స్తంభించింది. షెడ్డులో పొడుగాటి బల్ల నిండా పొలంలోంచి తవ్వి ఆరబెట్టిన తులిప్ గడ్డలు పోసుకుని, చుట్టూ కూర్చుని ఆడవాళ్లం పొట్టు ఒలుస్తున్నాం. తల్లిగడ్డని అంటుకున్న పిల్లగడ్డల్ని విరిచి వేరే ట్రేలో వేస్తున్నాం. పదింటికి కాఫీ వచ్చింది. మా బల్లకి పెద్ద తోసక్క. ఆవిడ బిస్కెట్ల డబ్బా మూత తీసి మనిషికొకటి చేతిలో పెట్టి టప్పున మూసేసింది. ట్రేలు మోసే కోబస్ రెండోదాని కోసం చెయ్యి చాపి, ఆవిడ చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే అగాత వచ్చింది. సైకిలు వెనక కట్టుకొచ్చిన చిన్న చెక్క ట్రే విప్పి బల్ల మీద పెట్టింది. అందులో పంతొమ్మిది గడ్డలున్నాయి. పోయిన వాళ్ల నాన్న మార్తెన్ గింజ నుంచి పెంచిన తులిప్ అది. గింజ వేస్తే మొదటి పువ్వు కంటబడటానికే ఆరేడేళ్లు పడుతుంది, ఆపైన పిల్లగడ్డలు పెట్టి నాలుగు గడ్డలవ్వాలంటే సగం జీవితం కావాలి. మార్తెన్ దానికి ఇరవై రెండేళ్లు ఇచ్చాడు. లోకం మొత్తం మీద ఆ పువ్వుకి మిగిలినవి ఈ పంతొమ్మిదే.

"ఇప్పుడు నేనుండేది బేకరీ పైన గదిలో తోసత్తా, కింద పొద్దస్తమానం పొయ్యి మండుతూనే ఉంటుంది. అక్కడుంచితే ఉడికిపోతాయి" అంది అగాత. "అక్టోబర్‌లో నాటేదాకా, ఈ మూడు నెలలూ ఎవరైనా దాచిపెడతారా?"

షెడ్డులో కుదరదు. బయటి గడ్డని మా యజమాని గడప దాటనివ్వడు, తెగులు అంటుతుందని ఆయన భయం. ఇంట్లో పెట్టుకోవాలి. పెట్టుకుంటే చెమ్మ, ఎలుక, బూజు, ఏది తగిలినా మార్తెన్ ఇరవై రెండేళ్లూ మన నెత్తిన పడతాయి. తలలు వంచుకుని పొట్టు ఒలవడంలో పడ్డాం. అగాత ముఖం చిన్నబోయింది.

"నాకియ్యి తల్లీ" అన్నాడు కోబస్.

"నీకా?" అంది తోసక్క. "మూడేళ్ల కిందట మార్తెన్ శానిటోరియానికి వెళ్తూ నీకేగా ఇచ్చింది? మరుసటి వసంతంలో ఒక్క పువ్వు పూసిందా?"

"పూయలేదు! ఎందుకు పూయలేదో మీకెవరికైనా తెలుసా? తెలీదు. చెప్పనిచ్చారా ఎప్పుడైనా? కూర్చో అగాతా, నువ్వు విని తీరాలి, నీ ఆస్తి సంగతి. మీ నాన్న జూలైలో ట్రే నా చేతిలో పెట్టి, 'ఒరేయ్ కోబస్, నేనొచ్చేటప్పటికి ఇవి పూసుండాలిరా' అన్నాడు, అంతే, అన్నవాడు దగ్గుకుంటూ వ్యాన్ ఎక్కాడు. నాకు అక్కడే మొదలైంది భయం. ఊరికే చిన్నది. ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టాను, గాలాడే చోట, ఎండ పడని చోట, గడ్డ మీద గడ్డ లేకుండా ఒకే వరస పరిచి, అడుగున కూడా గాలి తిరగాలని ట్రే కింద రెండు ఇటుకలు పెట్టాను. ఇంతవరకూ తప్పేమన్నా ఉందా అక్కా?"

"ఇంతవరకూ లేదు."

"లేదు కదా. రోజుకి మూడుసార్లు నిచ్చెనెక్కి చూసేవాణ్ణి. తర్వాత ఆరుసార్లు. ఆగస్టు వచ్చేసరికి దిగడం మానేశాను, మా ఆవిడ భోజనం బుట్టలో పెట్టి తాడుతో పైకి పంపేది. ఎందుకంటే ఆగస్టులో గడ్డ లోపల పువ్వు కడుతుంది, మీకు చెప్పక్కర్లేదు, పైకి ఉల్లిపాయలా కూర్చుంటుంది గాని లోపల రేకలు, కేసరాలు అన్నీ తయారవుతుంటాయి. పంతొమ్మిది పురిటిగదులు, నేనొక్కణ్ణి మంత్రసానిని! ఎండా కాదు, ఉక్కా కాదు, ఒట్టి భయానికే నాకు చెమట పట్టడం మొదలైంది. చెమట మీద పడితే గడ్డ కుళ్లుతుంది కదా, అందుకని తల కిటికీలోంచి బయటపెట్టి చెమట కార్చేవాణ్ణి. కింద కాలవ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోరోజు కాలవల నీటిమట్టం చూసే నీళ్ల బోర్డు మనిషి సైకిలేసుకుని వచ్చి తలుపు కొట్టాడు. 'వాన లేదు, చినుకు లేదు, మీ కాలవ నాలుగు వేళ్లు పెరిగింది, పంపింగ్ ఇంజను ఆపకుండా తిప్పాల్సొస్తోంది, ఏం చేస్తున్నావయ్యా?' అని. నేనేం చెబుతాను? 'భయపడుతున్నానండీ' అన్నాను."

బల్ల చివర పొట్టు ఒలుస్తున్న ఆడపిల్లలిద్దరూ పకపకా నవ్వారు. తోసక్క చాకుతో గడ్డ పొట్టు లాగుతూ, "మా చెవుల్లో పువ్వులు పెట్టకు" అంది. అగాత నవ్వలేదు. ట్రే అంచు పట్టుకుని వింటోంది.

"ఎలుకల సంగతి వినండి. ఎలుకకి తులిప్ గడ్డంటే ప్రాణం. ఓ మధ్యాహ్నం ఒకటి దూలం మీంచి తొంగి చూసింది. దాన్ని చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి, ఒక్క కేక వేశాను. ఆ కేకకి ఆ ఎలుక చచ్చిపోయింది సరే, మా వీధిలో ఎలుకలన్నీ పిల్లాజెల్లాతో లైడెన్ రోడ్డు పట్టాయి. మా పాదిరిగారి పిల్లి తిండి లేక నెల రోజులు బక్కచిక్కిపోయింది. ఆయన్నే అడగండి."

"ఆయన కిందటేడే పోయారు" అంది తోసక్క.

"అందుకే ఆయన్ని అడగమంటున్నా. సరే, సెప్టెంబర్..." అని కోబస్ కాఫీ గుక్క తాగాడు. "సెప్టెంబర్‌లో ఏం లేదు. వానలు. సెప్టెంబర్ వదిలేయండి. అక్టోబర్‌కి రండి. అసలు భయం అక్కడుంది. నాటాలి! నాటడమంటే ఏముంది, నేల చల్లబడ్డాక, గట్టి మంచు రాకముందు, అక్టోబర్ సగం నుంచి నవంబర్ లోపల, గడ్డ ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతున, ముక్కు పైకి పెట్టి పూడ్చేయాలి. మా మనవడు కూడా చెప్తాడు. కానీ అవి మార్తెన్ గడ్డలు! మొదటివారం నేల వెచ్చగా ఉందనిపించింది, ఇప్పుడు పెడితే తెగులు పడుతుందని ఆగాను. రెండోవారం వాన, నీళ్లు నిలిచి కుళ్లుతాయని ఆగాను. మూడోవారం నేల బావుంది, వాన లేదు, నేనే బాగాలేను. పార పట్టుకుంటే పార వణుకుతోంది. అలా ఆగి ఆగి, డిసెంబర్ మొదట్లో వచ్చే సెయింట్ నికొలాస్ పండగ కూడా వెళ్లిపోయింది, నేల బిగుసుకుపోయింది. పార దించితే ఠంగ్‌మని నిప్పులు రాలాయి."

"డిసెంబర్ దాకా నాటలేదా?" అంది అగాత మెల్లగా. "నవంబర్‌లో నాటానని నాన్నకి ఉత్తరం రాశావు."

"ఉత్తరం వేరు, ఇది వేరు, విను! నేల ఇనుము. గడ్డలేమో చేతిలో. నాటకపోతే చచ్చిపోతాయి, నాటడానికి వీల్లేదు. మోకాళ్ల మీద కూలబడ్డాను. భయం చూశారూ, అది పాదాల్లో మొదలై పిక్కల్లోకి, పిక్కల్లోంచి మోకాళ్లలోకి ఎక్కింది. మోకాళ్లు గడగడలాడటం మొదలెట్టాయి. ఎంత గడగడ? నేలలో దిగిపోతున్నాయి! చూస్తే చక్కటి గుంట, అడుగు చదునుగా, లోతు కొలిచాను, గడ్డకి సరిగ్గా మూడింతలు, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక గడ్డ వేశాను, జానెడు పక్కకి జరిగాను, మళ్లీ గడగడ, ఇంకో గుంట. అలా పంతొమ్మిది గుంటలు. నా పళ్లు టకటకలాడుతుంటే మధ్యలో గడ్డి పెట్టాను, అది కత్తిరించిన ఎండుగడ్డిలా పడింది, దాన్నే మడి మీద కప్పేశాను. పార ముట్టుకోలేదు. భయం ఒక్కటీ చాలు మనిషికి, మీరు దాన్ని వాడుకోవడం లేదు గాని."

"నీ భయాన్ని మన యజమానికి అద్దెకియ్యి. ట్రాక్టర్ అమ్మేస్తాడు" అంది తోసక్క.

"అడిగాడు. ఒప్పుకోలేదు నేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యాభై ఆరు ఫిబ్రవరి! గుర్తుందిగా మీకందరికీ?"

ఎవరం నవ్వలేదు. గుర్తుంది. కాలవలు అడుగుదాకా గడ్డకట్టిన నెల అది. కప్పిన గడ్డి కింద కూడా మంచు దిగి ఎన్ని మళ్లు పోయాయో. పొద్దున్నే పొలానికెళ్లి ఒక గడ్డ తీసి, రెండుగా కోసి, లోపల తెల్లగా ఉందా, గాజులా మెరుస్తోందా అని వణుకుతూ చూసుకునేవాళ్లం. గాజులా ఉంటే పోయినట్టే. భయం ఎలా ఉంటుందో మాకు కోబస్ చెప్పక్కర్లేదు.

"మడి మీద గడ్డి మూరెడు వేశాను. చాలదనిపించింది, రెల్లు వేశాను. దుప్పట్లు వేశాను. మా ఆవిడ పెళ్లికోటు వేశాను. చివరికి నేనే వెళ్లి మడి మీద బోర్లా పడుకున్నాను. పన్నెండు రోజులు! మంచుగాలికి నా జుట్టు నిక్కబొడుచుకుంది, మామూలుగా కాదు, మనిషెత్తు లేచి రెల్లుదడిలా నిలబడింది. గాలి దాని మీదుగా పోయింది గాని మడికి తగల్లేదు. అడవిబాతులు దాంట్లో గూడు పెట్టబోతే ఊదానంతే. ఇక గుండె. నేల మీద బోర్లా పడుకున్నాను కదా, గుండె దడదడలాడుతుంటే ఆ దడ నేలలోంచి కాలవలోకి వెళ్లింది. ఆవేళ కాలవ మీద స్కేటింగ్ పందెం. ఫెళ్లుమని మంచు పగిలింది. నూట పద్నాలుగు మంది నీళ్లలో పడ్డారు. అందరూ తేలారు, తేలి ఒడ్డెక్కి నన్ను కొట్టడానికొచ్చారు, నా భయం చూసి వాళ్లే నాకు బఠాణీ సూపు పోసి వెళ్లారు."

"పందెంలో మా తమ్ముడు ఉన్నాడు. నాకు చెప్పలేదే" అంది తోసక్క.

"సిగ్గుపడి ఉంటాడు. చర్చిలో కొవ్వొత్తులు వెలిగించాను, గడ్డకి ఒకటి చొప్పున, తర్వాత గడ్డకి పది చొప్పున. ఆ వెలుగు చూసి చేపల పడవలు దీపస్తంభమనుకుని దిబ్బల మీదకే వచ్చేశాయి. ఇవన్నీ సరే. ఏప్రిల్ వచ్చింది."

కోబస్ గొంతు తగ్గింది. కప్పులో చూస్తూ మాట్లాడాడు.

"ఏప్రిల్ వచ్చింది. ఊరంతా ఎరుపు, పసుపు, రోడ్ల మీద టౌనువాళ్ల కార్లు. ఈ మడిలో ఆకులే. పచ్చగా, బలంగా, అందంగా ఆకులు. మీ నాన్న వచ్చాడు. నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చావు, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. కుర్చీ వేయించుకుని మడి పక్కన కూర్చున్నాడు. ఏదీ పువ్వు? లేదు! పువ్వేమైంది? అదే చెబుతున్నాను తోసక్కా, అక్కడికే వస్తున్నాను. చలికాలమంతా నేను పైన వణికితే ఆ వణుకు గడ్డలకి తెలీదా? తెలిసింది. పైన ఏదో ఘోరం జరుగుతోంది, పోవద్దు అనుకున్నాయి. పువ్వులన్నీ తలకిందులై కిందికి పూశాయి! కాడలు భూమిలోకి దిగాయి, దిగి దిగి, రాయి దాటి, నిప్పు దాటి, అవతలివైపు ఆస్ట్రేలియాలో తేలాయి. అక్కడ గొర్రెలు కాసేవాడొకడు పొద్దున్నే లేచి చూస్తే పంతొమ్మిది ముదురెరుపు తులిప్పులు, మోకాలెత్తు. పాపం వాడు కూడా భయపడ్డాడు. అదీ సంగతి. పూశాయి అగాతా, పూయకేం, మనకి కనపడలేదంతే. కాబట్టి ఇప్పుడు నాకిచ్చావంటే..."

"బాబాయ్" అంది అగాత. "అన్నీ చెప్పావు. ఆపిళ్ల సంగతి చెప్పలేదు."

బల్ల చుట్టూ చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తులిప్ గడ్డలున్న గదిలో ఆపిళ్లు పెట్టకూడదని మా ఊళ్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు తెలుస్తుంది. పండు మగ్గుతూ ఒక గాలి వదులుతుంది, ఆ గాలికి గడ్డ లోపల కట్టిన మొగ్గ మాడిపోతుంది. గడ్డకేమీ కాదు, చేత్తో పట్టుకుంటే గట్టిగా నిగనిగలాడుతుంది. వసంతం వస్తే గాని బయటపడదు.

"ఆపిళ్లేంటి?" అన్నాడు కోబస్. కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"వచ్చిన మర్నాడు, నువ్వు లేనప్పుడు, నాన్న ఒక మొక్క ఆకులు విడదీసి చూశాడు. లోపల మొగ్గ ఉంది, ఎండిన ఉల్లిపొరలా. 'మంచు తగిలితే ఆకు కూడా పోతుంది. ఆకు బాగానే ఉంది. ఇది ఆపిళ్ల పని' అన్నాడు. నువ్వు తిరిగిచ్చిన ట్రేలో పలకల సందున ఆపిలు తొడిమ ఉంది. నాకు చూపించి జేబులో వేసుకున్నాడు."

"నన్నొక్క మాట అడగలేదే!"

"అడగొద్దన్నాడు. 'వాడు భయంతో సగం చచ్చి ఉన్నాడు. నాకు తెలిసిందని తెలిస్తే మన గడప తొక్కడు, నాకు పొద్దెలా పోతుంది?' అన్నాడు. అందుకే నువ్వు వచ్చినప్పుడల్లా, 'ఎంత పని చేసిందిరా ఆ పాడు మంచు' అనేవాడు. నువ్వు చిలవలు పలవలు అల్లి చెప్పే కోతలన్నీ కూర్చుని వినేవాడు. సెప్టెంబర్‌లో పోయాడు. మరుసటి ఏప్రిల్‌కి అన్నీ పూశాయి. నేనొక్కదాన్నే చూశాను."

కోతలరాయుడి నోరు మూతపడితే చూడాలని ఇన్నేళ్లు కోరుకున్నదాన్ని. తీరా చూస్తే బాగాలేదు.

"వానలు" అన్నాడు కోబస్. "సెప్టెంబర్‌లో వానలు. పెరట్లో ఆపిల్ చెట్టుకింద కాయలు కుళ్లిపోతున్నాయని నాలుగు బుట్టలు అటకెక్కించాను. రెండ్రోజులే అనుకున్నాను. మర్చిపోయాను. రోజుకి మూడుసార్లు కాదు, వారం దాకా ఎక్కనే లేదు. వారం తర్వాత నిచ్చెనెక్కి తలుపు తీస్తే ఆ వాసన..." ఆగాడు. "బుట్టలు దించి కాలవలో పోశాను. ఎవరికీ చెప్పలేదు. గడ్డలు చూస్తే బాగానే ఉన్నాయి. ఏమీ కాలేదేమో అనుకున్నాను. అప్పట్నుంచి ఏప్రిల్ దాకా రోజూ అనుకున్నాను. భయమేసింది, అగాతా."

ఇంకేమీ కలపలేదు. మేం ఎదురుచూశాం గాని ఏమీ కలపలేదు.

తర్వాత రెండు వేళ్లతో ట్రేని తోసక్క వైపు నెట్టాడు. "నువ్వు పెట్టుకో అక్కా. నాకివ్వొద్దు."

"మా ఇంట్లో చెమ్మ" అంది తోసక్క. "లేకపోతే అమ్మాయి అడగ్గానే ఒప్పుకునేదాన్ని. నీ అటకంత పొడి చోటు ఈ వీధిలో ఎక్కడుంది?"

అగాత కోబస్ వైపు చూసింది. "ఆ చెట్టుందా బాబాయ్ ఇంకా?"

"లేదు."

"గాలికి పడిందా?"

పాత కోబస్ చెప్పి ఉంటే ఆ గాలి చెట్టుని ఇంగ్లండ్ దాకా మోసుకెళ్లి ఉండేది.

"కొట్టేశాను" అన్నాడు. "మీ నాన్నని పూడ్చి ఇంటికెళ్లి కొట్టేశాను. మంచి కాపు మీదుంది. మా ఆవిడ వారం మాట్లాడలేదు."

అగాత ట్రేని తన దగ్గరికి లాక్కుంది. ఒకటి తీసి, అరచేతిలో తిప్పి, మళ్లీ వరసలో పెట్టింది. తర్వాత ట్రే మొత్తం ఎత్తి అతని ఒళ్లో పెట్టింది. కోబస్ చేతులు పైకెత్తి పట్టుకున్నాడు, ముట్టుకుంటే పేలిపోతుందేమో అన్నట్టు.

"ఆదివారం ఆదివారం వచ్చి అటకెక్కి చూస్తాను" అంది. "అక్టోబర్ మూడోవారం సెలవు పెట్టుకున్నాను. వానైనా సరే, నేల వెచ్చగా ఉన్నా సరే, ఆవేళ నాటేస్తాం. ఇద్దరం కలిసి."

కోబస్ తలూపాడు. చేతులు మెల్లగా దించి ట్రేని రెండు వైపులా పట్టుకున్నాడు.

"గుంటలు నువ్వు తియ్యి తల్లీ" అన్నాడు. "నా చేతిలో పార నిలవదు."